కామాల మధ్య మస్తానమ్మ

బోగోలు,
నవంబరు 20.

ఫేబీకి,

వందనాలు, క్షేమ సమాచారాలు తర్వాత చూసుకుందాం. నీ నంబరు బ్లాక్ చేశాను కాబట్టి ఇది చదవగానే ఫోన్ చేయాలని చూడకు. ఫోనులో నేను అరుస్తుంటే నువ్వు మధ్యలో "అబ్బా, ఊరుకో అక్కా" అని నవ్వుతావు. నా కోపమంతా నీరుగారిపోతుంది. ఈసారి నీరుగార్చుకోవడం నాకిష్టం లేదు. కాగితం మీదైతే నువ్వు నవ్వినా నాకు వినపడదు.

నీ గ్రామర్ గైడు మా బడికి వచ్చింది. అట్ట మీద నీ పేరు, దాని కింద ఎర్రక్షరాలతో "స్థానిక ఉదాహరణలతో" అని. మా చెల్లెలు రాసిందని స్టాఫ్ రూములో ఒక్కొక్కరికీ తిప్పి చూపించాను. పదో తరగతి పిల్లలందరి చేతా కావలిలో కొనిపించింది కూడా నేనే. నా ఖర్మ.

మంగళవారం రిలేటివ్ క్లాజుల పాఠం. ఆ క్లాజుకు ముందూ వెనకా కామాలు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నది మా పిల్లలకు ఏటా తలనొప్పే. నీ పుస్తకంలో అభ్యాసం తీయించి, భానుప్రియను లేపి ఒక వాక్యం గట్టిగా చదవమన్నాను. క్లాసులో తడబడకుండా చదివేది ఆ పిల్లొక్కతే. కామా వచ్చిన చోట "కామా" అని పైకి చెప్పడం కూడా నేనే అలవాటు చేశాను.

అది ఇంగ్లీషులో ఏం చదివిందో తెలుగులో రాస్తున్నాను, నువ్వు కూడా పైకి చదువు: "మస్తానమ్మ, కామా, ఎవరి భర్త అయితే కాశిమేడులో వేరే ఆమెతో కాపురం చేస్తున్నాడో, కామా, బోగోలులో చేపలు అమ్ముతుంది."

రెండో కామా దాకా గొంతు బాగానే ఉంది. ఆ తర్వాత మిగిలిన ముక్క కూడా చదివింది, ఆగలేదు. చదివి, కూర్చుని, పుస్తకం మూసేసింది. వెనక బెంచీ వాళ్ళకు ముందు అర్థం కాలేదు. ఒకడు తెలుగులోకి మార్చి పక్కవాడి చెవిలో చెప్పాడు. వాడు నవ్వాడు.

భానుప్రియ మస్తానమ్మ కూతురే. మన శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే ఆ మస్తానమ్మే, ఇంకెవరో కాదు. మొగుడు కామాక్షయ్య చెన్నై కాశిమేడులో బోటు మీద పనిలో ఉన్నాడనీ, సీజను కాగానే వస్తాడనీ కూతురికీ ఊరికీ చెప్పుకుంటూ వస్తోంది. నిజం ప్రార్థనలో ఒక్కసారి చెప్పింది. తలుపులు వేసుకుని, ఆడవాళ్ళం మాత్రమే ఉన్నప్పుడు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ చెప్పింది. ఆ సాయంత్రం నీకు వాట్సాప్‌లో పెట్టాను, ఎప్పటిలాగే, "ఆమె పేరు పెట్టి ప్రార్థన చెయ్యి" అని. నువ్వు ప్రార్థన చేశావో లేదో గానీ అభ్యాసం మాత్రం చేశావు.

భానుప్రియ ఆ రోజు నుంచి బడికి రావడం లేదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇప్పుడేం చేస్తావో చెప్పు.

కరుణ


నెల్లూరు,
నవంబరు 26.

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ముందు ఆ మాట నమ్ము. కానీ నేనేదో పగబట్టి రాసినట్టు రాశావు చూడూ, అది మాత్రం అన్యాయం.

పాత గైడుల్లో ఏముండేది? పీటరు, అతని మామయ్య, లండను, అక్కడి వంతెన. పీటరు మామయ్య ఒకడో నలుగురో మన పిల్లలకేం తెలుసు? ఆ సంగతి తెలియనిదే కామా పెట్టాలో వద్దో ఎలా చెప్తారు? తెలిసిన మనుషుల మీద వాక్యాలు రాస్తేనే పిల్లలకు కామా అర్థమవుతుందని నాకు నేర్పింది ఎవరు? నువ్వే. పేరు చెప్పాక ఆ మనిషెవరో తేలిపోయింది కాబట్టి మిగతాది అదనపు సమాచారం, కామాల మధ్య పెట్టాలి, తీసేసినా వాక్యం నిలబడుతుంది అని మన పెరట్లో కూర్చోబెట్టి చెప్పింది నువ్వే. పబ్లిషరు వారంలో పాఠం కావాలని నెత్తిన కూర్చున్నాడు. కోచింగు క్లాసులు చెప్పుకుంటూ, పిల్లాడికి జ్వరమై, ఒంటిచేత్తో రాశాను. తెలిసిన మనుషులెవరా అని వెతికితే నీ మెసేజీలు కనిపించాయి. అంతే.

అయినా జిల్లాలో మస్తానమ్మలు కొదవా? నెల్లూరులో రాయి విసిరితే ఏదో ఒక మస్తానమ్మకు తగులుతుంది. మీ ఊరి ఆమే అని ఎవరనుకుంటారు?

సరే, తప్పు దిద్దుతాను. ఆ వాక్యం మీద అంటించడానికి తెల్ల స్టిక్కర్లు కొట్టించాను. కావలి షాపుల్లో ఉన్న పుస్తకాలకు రేపు మనిషిని పంపి అంటిస్తాను. మీ క్లాసు పిల్లల పుస్తకాలకు ఈ కవరులోనే పంపుతున్నాను. పిల్ల నాలుగు రోజులు అలిగి తనే వస్తుంది. బావకు వందనాలు చెప్పు. బ్లాకు తియ్యి.

నీ చెల్లి,
ఫేబీ


బోగోలు,
డిసెంబరు 11.

ఫేబీకి,

నీ స్టిక్కర్లు తగలెయ్య! అభ్యాసమంతటికీ ఒక్క వాక్యం మీదే తెల్లకాగితం ఉంటే పిల్లలు ఊరుకుంటారా? గోళ్ళతో గీకారు. ఊడిరాకపోతే తడిగుడ్డ పెట్టి తీశారు. అప్పటిదాకా మా క్లాసుకే తెలిసిన సంగతి ఇప్పుడు తొమ్మిదో తరగతికీ తెలుసు, మధ్యాహ్న భోజనం వండే ఆమెకూ తెలుసు. కావలి షాపువాడు "మీ చెల్లెలి పుస్తకంలో ఏదో ఉందంట గదా మేడం" అని నన్నే అడిగాడు. ఇంత తెలివైనదానివి, ఆ మాత్రం తట్టలేదా?

మస్తానమ్మలు చాలామంది ఉన్నారన్నావు. మరి కామా ఎందుకు పెట్టావే? ఏ మస్తానమ్మో తెలియనప్పుడు కామా పెట్టకూడదు కదా. పేరు చెప్తే మనిషి తేలిపోతుందని రూలు రాసిన చేత్తోనే ఆ పేరు రాశావు. ఊరు రాశావు, చేపలు రాశావు, ఇంకేం కావాలి? తీసేసినా వాక్యం నిలబడుతుందన్నావు. అచ్చుకు పంపేముందు తీసేయలేకపోయావా?

ఆదివారం ఆరాధన అయ్యాక మస్తానమ్మ మా ఇంటికొచ్చింది. గుమ్మం ఎక్కలేదు. బుట్ట దించకుండా వీధిలో నిలబడే అరిచింది. "ఏంది టీచరమ్మా, నీ కాడ కడుపులో మాట చెప్పుకుంటే పుస్తకంలో యేయించినావే! దేవుడి ముందర చెప్పిన మాట గడప దాటదనుకుంటి. సముద్రం ఒడ్డున మైకు పెట్టి అరిచినా ఇంతమందికి తెలిసేది కాదు గదా!" మీ బావ పరంజ్యోతి లోపలికి రమ్మని బతిమాలబోతే, "మీ ఇంట్లోకొచ్చి ఇంకో మాట చెప్పాల్నా?" అని వెళ్ళిపోయింది. వీధి వీధంతా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక భానుప్రియ. అలిగి నాలుగు రోజుల్లో వస్తుందన్నావు కదూ! రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి పోతోంది. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి ఎక్కించుకుంటుంది. ఆ వ్యాను ఎక్కిన పిల్లల్లో మళ్ళీ బడి మొహం చూసినవాళ్ళు నా సర్వీసులో లేరు. దాన్ని ఇంజనీరును చేస్తానని మస్తానమ్మ దగ్గర నేను మాటిచ్చాను.

ఇంకోటి. నిన్న కోపంలో నీ అభ్యాసం మొత్తం చదివాను, స్టిక్కరు లేని వాక్యాలు కూడా. చివర్లో ఒకటుంది: "మా అక్క, ఎవరికైతే పిల్లలు లేరో, పల్లెటూరి బడిలో టీచరు." ఇదేమిటే ఫేబీ? దీనికి స్టిక్కరు కొట్టించాలని కూడా అనిపించలేదా? నా గొడ్డుతనం మీద నీకు కామా పాఠం కావలసి వచ్చిందా? ముప్పై మంది పిల్లల ముందు ఆ పేజీ తెరిచి పాఠం చెప్పాను నేను. వాళ్ళు ముందే చదివే ఉంటారు.

జవాబు రాయి. బాధపడ్డానని మాత్రం రాయకు.

కరుణ


నెల్లూరు,
డిసెంబరు 19.

అక్కా,

బాధపడ్డానని రాయను. కోపం వచ్చిందని రాస్తాను. నీకొక్కదానికే వస్తుందా కోపం?

మస్తానమ్మ వాక్యం తొందరలో రాసింది. నీ వాక్యం తొందరలో రాసింది కాదు. కావాలనే రాశాను. తెలిసే రాశాను. ఎందుకో చెప్తాను, విను.

జూన్‌లో పిల్లాడికి యూనిఫారం గుడ్డ కొనడానికి ట్రంకు రోడ్డులో షాపుకు వెళ్ళాను. అక్కడ మీ పాస్టరమ్మ కనిపించింది. నా రెండు చేతులూ పట్టుకుని, షాపంతా వినేలా, "మీ ఆయన సుశీల్ కుమార్ ఇంటికి తిరిగొచ్చాడామ్మా? వేరే గది తీసుకుని ఉంటున్నాడంట గదా. మేమందరం శుక్రవారం శుక్రవారం మీ పేర్లు పెట్టి ఉపవాసముంటున్నాం" అంది. నా పక్కన ఎవరున్నారో తెలుసా? నా కోచింగులో చదివే పిల్ల తల్లి. ఆమె అప్పుడే నా మెడ వైపు చూసింది, తాళిబొట్టు ఉందా లేదా అని.

సుశీల్ వేరే గదిలో ఉంటున్నాడని నేను మా అత్తకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నీకు చెప్పాను. ఎవరికీ చెప్పకు అక్కా అని ఏడ్చి మరీ చెప్పాను. నువ్వు ఎవరికీ చెప్పలేదు, నిజమే. ప్రార్థన విన్నపం ఇచ్చావు! దేవుడికి చెప్పావు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరూ వింటుండగా! ఆ షాపులో గుడ్డ కొనకుండా బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి నీకు ఫోన్ చేస్తే, "ప్రార్థనలో పెడితే తప్పేంటే" అన్నావు. గుర్తుందా? ఒక్క మాట కూడా తగ్గలేదు నువ్వు.

మస్తానమ్మ మాట గడప దాటించింది ముందు ఎవరు? నా ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి నీ మెసేజీలు. ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, ఎవరి కొడుకు తాగుతున్నాడో, ఎవరికి గర్భసంచి తీశారో, అన్నీ పేర్లతో సహా. నేను అడిగానా? ఆ మెసేజీలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నా సంగతి ఇంకెంతమంది ఫోనుల్లో ఉందో అని లెక్క వేసుకునేదాన్ని. ఆ మంటలో నీ వాక్యం రాశాను. ఒక్కసారి నీకూ తెలియాలని రాశాను.

మస్తానమ్మ విషయంలో తప్పు నాది, తప్పించుకోను. నీ విషయంలో మాత్రం క్షమించమని అడగను. పిల్లను బడికి ఎలా తేవాలో నువ్వే చెప్పు, చేస్తాను.

ఫేబీ


బోగోలు,
జనవరి 9.

ఫేబీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చించబోయి ఆగాను. సుశీల్ సంగతి నేనిప్పుడు మాట్లాడను. మాట్లాడితే నేను మంచి మాట ఒక్కటీ అనను.

పిల్ల సంగతి రాస్తాను, దాని గురించే కదా మనం కొట్టుకు చస్తున్నది.

పొద్దున్నే వ్యాను ఆగే చోటికి పోయి నిలబడ్డాను. భానుప్రియ చేతి తొడుగులు సంచిలో పెట్టుకుని వచ్చింది. చన్నీళ్ళలో నాని వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. "బడికి రామ్మా, నేను విడిగా కూర్చోబెట్టి చెప్తాను" అన్నాను. "బళ్ళో కూసుంటే అందురూ నా మొకమే చూస్తుండారు టీచర్. షెడ్డులో ఎవురూ తలెత్తరు, ఎవురి పని వాళ్ళది" అంది. "మీ అమ్మ బాధపడుతోంది" అన్నాను. దానికి ఎంత కోపమొచ్చిందనుకున్నావు! "మా అమ్మ నాకు అబద్ధం చెప్పింది. మీకు నిజం చెప్పింది. మీకు చెప్పి, మీ చెల్లెలికి చెప్పి, పుస్తకానికి చెప్పి, ఆకర్న నాకు. నేను ఆమెకు ఏమవుతానంట?" అని వ్యాను ఎక్కేసింది. తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం లేదట.

ఈ నెలాఖరులోగా బడికి రాకపోతే హాజరు చాలదు, హాల్ టికెట్ రాదు. హెడ్మాస్టరుతో పోట్లాడి అప్పటిదాకా పేరు కొట్టేయకుండా ఆపాను. మస్తానమ్మ నన్ను చూస్తే దారి మారుస్తోంది. నేను చేయగలిగింది అయిపోయింది.

ఏం చేయాలో చెప్పమన్నావు. నెల్లూరులో కూర్చుని స్టిక్కర్లు పంపడం కాదు, బస్సెక్కి రా. ఆమె ఎదుట నిలబడు. ఆమె తిడితే పడు. రాసిన చెయ్యి ఎవరిదో ఆమె చూడాలి.

కరుణ


నెల్లూరు,
జనవరి 21.

అక్కా,

వచ్చాను. మీ ఇంటికి రాలేదు, నిన్ను చూసే ఓపిక లేక. శనివారం తొలి బస్సు దిగి నేరుగా ఒడ్డుకు పోయాను. బోట్లు వచ్చి చేపల వేలంపాట జరుగుతోంది. మస్తానమ్మ ఎవరని అడిగితే ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "యే మస్తానమ్మ? పుస్తకం మస్తానమ్మా?" అంది. ఆమెకు నేను పెట్టిన పేరు అది.

ఆమె వంజరం చేపలు బుట్టలో సర్దుకుంటోంది. దగ్గరికి పోయి, "ఆ పుస్తకం రాసింది నేనేనమ్మా" అన్నాను. తలెత్తి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అడిగింది. "ఆ పుస్తకంలో కాశిమేడు ఆడమనిషి పేరుండాదా?" లేదన్నాను. "మా ఆయన పేరుండాదా?" లేదన్నాను. "తప్పు చేసినోళ్ళ పేర్లు లేవు. మొగుడు ఇడిచిపెట్టి పోయిందాని పేరొక్కటే దొరికిందా మే నీకు?"

ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఈ నోటితోనే క్షమించమన్నాను. అప్పుడు తిట్టింది, ఒడ్డంతా చూస్తుండగా. "నా బిడ్డకు నేను చెప్పుకోవాల్సిన మాట అది. పరీచ్చలు అయినాక, పక్కన కూసోబెట్టుకోని, ఎట్టా చెప్పాల్నా అని కడుపులో పెట్టుకోనుండా. అది నా మాట! నువ్వెవరు మే దానికి చెప్పేదానికి?" అని కసిరింది. అమ్మా, మీరు ఇప్పుడైనా పాపతో మాట్లాడండి అన్నాను. "నువ్వు చెప్పబాకు. నీ చేత చెప్పించుకోని మాట్లాడతానా నా బిడ్డతో?" అంది. నేను బుట్ట ఎత్తబోతే నా చెయ్యి తోసేసింది. వేరే ఆమె వచ్చి ఎత్తింది.

బస్సులో నెల్లూరు దాకా నా మీద నాకు, నీ మీద, ఆ కామాక్షయ్య మీద, అందరి మీదా కోపమే. నిజానికి మొదట కోప్పడాల్సింది వాడి మీద కదా అక్కా? మనిద్దరం ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, వాడినొక్క మాట అనలేదు.

పబ్లిషరుతో తెగదెంపులయ్యాయి. మిగిలిన పుస్తకాలు వెనక్కి తెప్పించమంటే, ఒక్క చేపలమ్మే ఆమె కోసమా అన్నాడు. నా పేరు అట్ట మీద నుంచి తీసేయమన్నాను, ఆ పాఠం మొత్తం తీసేయకపోతే కోర్టుకు పోతానన్నాను. దిగొచ్చాడు. రెండో ముద్రణలో మళ్ళీ పీటరే వస్తాడు, అతని లండను మామయ్యతో సహా. మన పిల్లలకు కామా మళ్ళీ అర్థం కాదు. కానివ్వు.

నీ వాక్యం కూడా పోయింది. నీకు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

ఫేబీ


బోగోలు,
మార్చి 24.

ఫేబీకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, కోపం వల్ల కొంత, తీరిక లేక కొంత.

భానుప్రియ జనవరి ఆఖరి వారంలో బడికి వచ్చింది. నువ్వు వచ్చి వెళ్ళిన రెండు రోజులకు మస్తానమ్మ చేపలకు పోలేదట. కూతుర్ని కూడా వ్యాను ఎక్కనివ్వలేదట. తలుపు వేసుకుని ఇద్దరూ పొద్దంతా లోపలే ఉన్నారని వాళ్ళ పక్కింటి చెంచులక్ష్మి చెప్పబోయింది. గట్టిగా అరుపులు వినపడ్డాయంది, ఇంకా ఏదో చెప్పబోతుంటే నాకు వద్దన్నాను. నేను వద్దనడం ఆమెకు వింతగా తోచింది.

పిల్ల నేరుగా స్టాఫ్ రూముకు వచ్చి నా ముందు నిలబడింది. "అమ్మ అంతా చెప్పింది టీచర్. పరీక్షలు రాస్తాను. ఒక మాట మాత్రం ఒప్పుకోవాల. శుక్రవారం మీరు మా ఇంటి కోసరం ప్రార్థన చెయ్యబాకండి" అంది. అలా అనకూడదమ్మా, ప్రార్థన మంచికే కదా అన్నాను, అలవాటుగా. "దేవుడికి తెలీదా టీచర్? మా అమ్మ పేరు పెట్టి మీరు చెప్పేది యెవురికి?" అని అడిగింది. వెళ్ళి నీ చోట్లో కూర్చో అన్నాను. కూర్చుంది. వెనక బెంచీవాడు ఏదో అనబోతే వాడి వీపు విమానం మోత మోగించాను. కొట్టకూడదని తెలుసు.

ఆ శుక్రవారం పాస్టరమ్మ, "భానుప్రియ బడికి వచ్చిందంట గదా, పేరు పెట్టి స్తుతి చెల్లిద్దాం" అంది. వద్దన్నాను. ఎందుకంది. పేర్లు లేకుండా ప్రార్థన చేద్దాం, విన్నపాలు ఎవరివి వాళ్ళ మనసులోనే చెప్పుకుందాం అన్నాను. అందరూ నా మీద లేచారు. విశ్వాసం తగ్గిందన్నారు. చెల్లెలితో గొడవపడి మతి చెడిందన్నారు. నాకు కోపమొచ్చి నేనూ నాలుగు అన్నాను. నీ సంగతి వాళ్ళకు చెప్పినందుకు కూడా ఆ కోపంలోనే ఏడ్చాను, అది వాళ్ళకు అర్థం కాలేదు. ఇప్పుడు శుక్రవారాలు మా ఇంట్లోనే ఉపవాసముంటున్నాను. మీ బావకు కూడా ఎవరి కోసమో చెప్పడం లేదు.

నీ మీద కోపం పోయిందనుకోకు. ఆ పిల్లలు లేని వాక్యం అచ్చులోంచి పోయినా నా కళ్ళ ముందు నుంచి పోలేదు. అది పోవడానికి ఎంతకాలం పడుతుందో నాకే తెలియదు. నంబరు బ్లాకు మాత్రం తీశాను. సుశీల్ గురించి నేను అడగను. చెప్పాలనిపిస్తే నాకొక్కదానికే చెప్పు.

ఇవాళ ఇంగ్లీషు పరీక్ష జరిగింది. ఎండలో గేటు దగ్గర నిలబడ్డాను. భానుప్రియ బయటికి రాగానే ఎలా రాశావే అని అడిగాను. చెప్పింది. చెప్పి, చుట్టూ చూసి, "ఎవురికీ చెప్పబాకండి టీచర్" అంది.

నీకు కూడా చెప్పను. అడక్కు.

మీ అక్క,
కరుణాకుమారి